నవ్వించేవాడికి ఏ లోకం?

రాజగృహం దగ్గర వేణువనంలో బుద్ధుడున్నాడు. నాటక బృందాన్ని నడిపే తాలపుటుడనే నటుడు వచ్చి, నమస్కరించి, ఒక పక్కన కూర్చున్నాడు. తన వృత్తి గురించి అతనికొక సందేహం. రంగస్థలం మీద నిజమూ అబద్ధమూ కలిపి జనాన్ని నవ్వించిన నటుడు చనిపోయాక నవ్వుల దేవతల లోకంలో పుడతాడని ఆ వృత్తిలోని పాతవాళ్లు చెప్పుకొచ్చారు. అది నిజమేనా అని అడిగాడు. ఆ ప్రశ్న వద్దన్నాడు బుద్ధుడు. తాలపుటుడు మళ్లీ అడిగాడు. మళ్లీ అదే జవాబు. మూడోసారీ అడిగేసరికి చెప్పక తప్పలేదు.

చెప్పింది కఠినమైన మాటే. చూసేవాళ్లు అసలే రాగద్వేషమోహాలు వదలనివాళ్లు. వాళ్ల ముందు ఆ మూడింటినీ ఇంకా ఎగదోసే సంగతులే ఆడి చూపిస్తే ఆ నటుడు తానూ మత్తులో పడతాడు, వాళ్లనూ పడేస్తాడు. అతను చేరేది నవ్వుల స్వర్గం కాదు, నవ్వు పేరుతోనే ఉన్న నరకం. తాలపుటుడు ఏడ్చాడు. బుద్ధుడి మాట నొప్పించినందుకు కాదు, తరతరాలుగా తన వృత్తి పెద్దలు తనను మోసం చేశారని ఏడ్చాడు. తర్వాత భిక్షువయ్యాడు, ముక్తి పొంది అర్హతుడయ్యాడు. భిక్షువుల గాథల సంపుటి థేరగాథల్లో అతని పేరిట యాభైకి పైగా గాథలున్నాయి. వాటిలో చాలాభాగం అతను తన మనసుతో తానే పెట్టుకున్న వాదం.

సంయుక్తనికాయంలో ఒకటి రెండు పేజీలకు మించని ఈ సూత్రాన్ని ఇవాళ చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. నవ్వించడాన్ని బతుకుతెరువుగా చేసుకున్న మనిషి, తన పని మంచిదా చెడ్డదా అని ఒక జ్ఞానిని నిలదీసి అడిగిన సందర్భం ప్రపంచ సాహిత్యంలో ఇంత పాతది మరొకటి దొరకడం కష్టం. రాత్రి భోజనాలయ్యాక టీవీ ముందు కూర్చుని, ఒకరు పాత సిట్‌కామ్ పెట్టమంటే మరొకరు స్టాండప్ పెట్టమంటున్నప్పుడు అది ఉత్త అభిరుచుల తేడాలాగే కనిపిస్తుంది. కానీ ఆ రెండు రకాల నవ్వులూ మనిషిలో పెంచేది ఒకటేనా అన్న ప్రశ్న దాని కింద ఉంది. తాలపుటుడు అడిగింది కూడా అదే.

బుద్ధుడికి నవ్వంటేనే గిట్టదని ఈ కథ చదివి తేల్చేయకూడదు. చిత్తాన్ని 89 రకాలుగా విడదీసిన బౌద్ధ శాస్త్రం అభిధమ్మంలో అర్హతులకు మాత్రమే కలిగే చిత్తం ఒకటి ఉంది. దాని పేరు హసితుప్పాదం. దాని పని చిరునవ్వు పుట్టించడం. ముక్తి పొందినవాడి మనసులో కూడా నవ్వుకు ఒక గది కేటాయించిన శాస్త్రమిది. అంటే అక్కడ అభ్యంతరం నవ్వుకు కాదు, నవ్వు దేని మీద లేస్తోందన్నదానికి.

భరతముని దారి వేరు. నాట్యశాస్త్రంలో హాస్యం ఎనిమిది రసాల్లో ఒకటి, దాని రంగు తెలుపు. వికృతమైన వేషం, పొంతన లేని మాట, అవయవ లోపాన్ని ఎత్తిచూపడం, ఒకరిని అనుకరించడం లాంటివన్నీ దానికి కారణాలని ఆయన దాపరికం లేకుండా రాశాడు. తాను నవ్వితే ఆత్మస్థం, ఎదుటివాణ్ణి నవ్విస్తే పరస్థం అన్నాడు. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని నవ్వును ఆరు మెట్లుగా పేర్చి, మొదటి రెండూ ఉత్తములకు, నడిమి రెండూ మధ్యములకు, చివరి రెండూ అధములకు అని పంచాడు. పళ్లు కనిపించని నవ్వు పెద్దమనిషిది, కళ్ల నీళ్లు కారేలా పక్కలు పట్టుకుని నవ్వేది కిందివాడిది అన్నమాట. ఈ పంపకాన్ని ఇవాళ ఒప్పుకోనక్కర్లేదు. కడుపుబ్బ నవ్వడం అధమత్వమైతే ఈ లోకంలో ఉత్తములు మిగలరు.

అదే గ్రంథం చివర ఒక కథ ఉంది. నాట్యవేదం నేర్చుకున్న భరతుడి కొడుకులు, ఆ విద్య తెచ్చిన గర్వంతో, జనాన్ని నవ్వించే ప్రహసనాలు ఆడటం మొదలుపెట్టారు. చివరికి ఒక సభలో ఋషులనే ఎగతాళి చేస్తూ ఆడారు. ఋషులు మండిపడి శపించారు. విద్య నశిస్తుందని, మీ వంశం కిందికి దిగజారిపోతుందని అన్నారు. దేవతలు అడ్డుపడటం వల్ల నాట్యం మాత్రం బతికింది. హాస్యాన్ని రసమని గౌరవించిన శాస్త్రమే, దాన్ని ఆడినవాళ్లు శాపం పాలైన కథతో ముగియడం మామూలు విషయం కాదు. నవ్వించేవాడి మెడ మీద ఎప్పుడూ ఒక కత్తి వేలాడుతూనే ఉంటుందని మనవాళ్లకు మొదటి నుంచీ తెలుసు.

పడమటి తత్వవేత్తలు కూడా నవ్వును అనుమానంగానే చూశారు. మిత్రుల అజ్ఞానాన్ని చూసి నవ్వినప్పుడు అందులో అసూయ కలిసి ఉంటుందని ప్లేటో అన్నాడు. ఎదుటివాడి కంటే తాను మెరుగని హఠాత్తుగా తోచడమే నవ్వని హాబ్స్ భావించాడు. నాలుగో శతాబ్దపు క్రైస్తవ బోధకుడు జాన్ క్రిసోస్టమ్, క్రీస్తు ఏడ్చినట్టు సువార్తల్లో ఉంది గానీ నవ్వినట్టు ఎక్కడా లేదని తన శ్రోతలకు గుర్తుచేశాడు. వీళ్లందరి కంటే ఈ విషయానికి దగ్గరగా వచ్చినవాడు ఫ్రెంచి తత్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్. 1900లో అచ్చైన చిన్న పుస్తకంలో ఆయన వీధిలో పరుగెడుతూ కాలు తడబడి పడ్డ మనిషి దృశ్యాన్ని ముందుకు తెచ్చాడు. చూసేవాళ్లు ఎలా నవ్వగలుగుతారు? ఆ ఒక్క క్షణం వాళ్ల గుండె మొద్దుబారుతుంది కాబట్టి అన్నాడు. జాలి ఉన్నచోట నవ్వు రాదని ఆయన వాదన.

తెలుగువాళ్లకు ఆ దృశ్యం చిన్నప్పటి నుంచీ తెలిసినదే. అది మయసభ. నేల అనుకుని నీళ్లలో పడ్డ దుర్యోధనుణ్ణి చూసి భీముడు, అర్జునుడు, కవలలు, సేవకులు నవ్వారని సభాపర్వంలో ఉంది. ద్రౌపది కూడా తోటి స్త్రీలతో కలిసి నవ్విందని దుర్యోధనుడే తర్వాత తండ్రి దగ్గర చెప్పుకుంటాడు. 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’ చూసినవాళ్లకు ఆ అవమానం ఎన్టీఆర్ ముఖంలోనే గుర్తుంటుంది. కాలు జారి పడటం ఏ సిట్‌కామ్‌లోనైనా మామూలు నవ్వే. ఇక్కడ పడినవాడూ నవ్వినవాళ్లూ అన్నదమ్ముల పిల్లలు. మాటామంతీ ఉన్న రోజుల్లో అయితే దుర్యోధనుడు తడిసిన బట్టలతో తానూ నవ్వేవాడు. కానీ వాళ్ల మధ్య చనువు అప్పటికే చచ్చిపోయింది. వరస మిగిలింది, చనువు పోయింది. ఆ నవ్వు జూదానికి, జూదం యుద్ధానికి దారి తీశాయి.

ఈ వ్యాసం పట్టుకున్న దారం కూడా ఇదే. ఒకరిని చూసి నవ్వే హక్కు తెలివి వల్ల రాదు, వాక్‌స్వాతంత్ర్యం వల్ల కూడా పూర్తిగా రాదు. అది చనువు వల్ల వస్తుంది. ఈ సంగతి తెలుగు ఇళ్లలో ఎవరూ ప్రత్యేకంగా నేర్పకుండానే తెలుసు. పెళ్లిలో ఆడపెళ్లివారు వియ్యపురాలి మీద కట్టే పాటలు చూడండి. ఆమె తిండి, నడక, పిసినారితనం ఒక్కటీ వదలరు. నిన్నటి దాకా పరాయి మనిషి. అంత మాట నిన్న అని ఉంటే పెళ్లే తప్పిపోయేది. ఇవాళ వరస కలిసింది కాబట్టి, ఆ పాట వినిపించడమే నువ్వు మా మనిషివయ్యావని చెప్పడం. వియ్యపురాలు కూడా ముసిముసిగా నవ్వుతూ కూర్చుని, తమవైపు వాళ్లతో జవాబు పాట అందుకోమని సైగ చేస్తుంది. బావామరదళ్ల సరసాలు, తాతామనవళ్ల వేళాకోళాలు అన్నీ ఈ లెక్కలోనివే.

దేవుడి విషయంలోనూ ఇదే లెక్క. కృష్ణా తీరంలోని శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్రమహావిష్ణువు మీద కాసుల పురుషోత్తమకవి ‘ఆంధ్రనాయక శతకం’ చెప్పాడు. పద్యం తర్వాత పద్యం స్వామిని దెప్పిపొడవడమే దాని తీరు. పైకి నింద, లోపల స్తుతి. భద్రాచల రామదాసు చెరసాలలో ఉండి రాముడికి చేయించిన నగల లెక్క చెప్పి నిలదీసిన కీర్తన తెలుగు నేల మీద తెలియనివాళ్లు తక్కువ. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ఉత్తరాన్ని కృష్ణుడికి అందజేయడానికి మాధవి ఆమె ముక్కెరను అడుగుతుంది. అవతారమూర్తి భార్య, వయ్యారంలో సాటిలేనిది, చెలికత్తె బేరానికి తల వంచి తన ముక్కెర ఇచ్చుకోవాల్సి వస్తుంది. గుడి ముందు రాత్రంతా ఆడిన ఆటలో భక్తులు దానికి విరగబడి నవ్వేవారు. ఎవరి భక్తికీ లోటు రాలేదు. సత్యభామ వాళ్లకు దేవతే కాదు, ఏటా తమ ఊరొచ్చే ఆడబిడ్డ కూడా.

ఇప్పుడు సిట్‌కామ్ దగ్గరికి రావచ్చు. వారం వారం అదే ఇల్లు, అదే సోఫా, అదే నలుగురైదుగురు మనుషులు. దాని బలమంతా ఆ మళ్లీ రావడంలోనే ఉంది. సంస్కృత నాటకంలో విదూషకుడు కూడా ఇలాంటివాడే. నాటకం మారినా అతని తిండిపోతుతనం, పిరికితనం, కర్ర, బోడిగుండు మారవు. ‘మృచ్ఛకటికం’లో మైత్రేయుణ్ణి చూసి నవ్వుతాం. చారుదత్తుడి ఆస్తి కరిగిపోయి మిగతా స్నేహితులంతా మొహం చాటేసినా ఆ మైత్రేయుడే వదలకుండా ఉన్నాడని తెలిసి ప్రేమిస్తాం. నవ్వూ ప్రేమా ఒకే క్షణంలో ఒకే మనిషి మీద కుదరవన్న బెర్గ్‌సన్ వాదన ఇక్కడ నిలబడదు. ఒక్క క్షణం చూసిన అపరిచితుడి విషయంలో ఆయన చెప్పింది నిజం కావచ్చు. ఏళ్ల తరబడి తెలిసిన మనిషి విషయంలో కాదు.

‘అమృతం’ దీనికి మన సొంత సాక్ష్యం. గుణ్ణం గంగరాజు నిర్మాణంలో 2001 నుంచి 2007 దాకా జెమిని టీవీలో 300కు పైగా భాగాలు వచ్చాయి. అమృతం, అతని స్నేహితుడు ఆంజనేయులు, వాళ్ల భార్యలు సంజీవని, శాంత, ఇంటి ఓనరు అప్పాజీ, సర్వం, ఆ అమృతవిలాస్ హోటలు. ప్రతివారం ఏదో ఒక అత్యాశ. సులువుగా డబ్బు సంపాదించే పథకం, గొప్పలకు పోయి చెప్పిన అబద్ధం, ఎదుటివాడి మీద వేసిన ఎత్తు. ప్రతివారం అది తిరగబడి వాళ్ల మీదే పడేది. అక్కడ ఎవరి కులమూ ఎవరి రంగూ ఎవరి వైకల్యమూ నవ్వుకు ముడిసరుకు కాలేదు. నవ్వంతా దురాశ మీద, భయం మీద, బడాయి మీద. చూసేవాడు అప్పాజీలో తన ఇంటి ఓనర్ని పోల్చుకుంటాడు, కాస్త ఆలోచిస్తే అమృతంలో తననే పోల్చుకుంటాడు. అమృతం పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ఒకరి తర్వాత ఒకరు వేశారు. ముఖం మారినా జనం ఆ మనిషిని వదులుకోలేదు. ఆంజనేయులు పాత్ర వేసిన గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరిలో కన్నుమూసినప్పుడు, తెరమీద తప్ప ఆయన్ను ఎన్నడూ చూడనివాళ్లు కూడా ఇంటి మనిషి పోయినట్టు బాధపడ్డారు. రాగద్వేషమోహాలను ఎగదోసే నటుడి సంగతి చెప్పిన బుద్ధుడు, దురాశను చూపించి దాన్నే నవ్వులపాలు చేసిన ఈ హాస్యాన్ని చూసి ఉంటే ఏమనేవాడో అడగాలనిపిస్తుంది.

అయితే సిట్‌కామ్‌కు కూడా ఒక చీకటి కోణం ఉంది. అది నవ్వును తయారుచేసి అమ్మడం. 1951లో అమెరికాలో మొదలైన ‘ఐ లవ్ లూసీ’ని ఎదురుగా ప్రేక్షకులను కూర్చోబెట్టి మూడు కెమెరాలతో ఫిల్ము మీద తీసేవారు. వినిపించే నవ్వు వాళ్లదే. అదే కాలంలో సీబీఎస్ సంస్థలో చార్లెస్ డగ్లస్ అనే సౌండ్ ఇంజనీరు ఒక పెట్టె తయారుచేశాడు. అందులో రికార్డు చేసిన నవ్వులుండేవి. మీటలు నొక్కితే కిసుక్కుమనే నవ్వు, గొల్లుమనే నవ్వు, ఆగి ఆగి వచ్చే నవ్వు ఏది కావాలంటే అది పలికేది. ఆ పెట్టెకు తాళం వేసి, లోపల ఏముందో ఎవరికీ చూపకుండా, ఒక స్టూడియో నుంచి ఇంకో స్టూడియోకు తీసుకెళ్లేవాడు. ఏళ్ల తరబడి అమెరికన్ టీవీలో వినిపించిన నవ్వుల్లో చాలాభాగం అక్కడి నుంచే వచ్చాయి.

జనం అలా ఎందుకు లొంగారు? మనిషి ఒంటరిగా ఉన్నప్పటి కంటే నలుగురిలో ఉన్నప్పుడు నవ్వడం 30 రెట్లు ఎక్కువని అమెరికన్ పరిశోధకుడు రాబర్ట్ ప్రొవైన్ తేల్చాడు. మామూలు సంభాషణల్లో వచ్చే నవ్వుల్లో ఎక్కువ భాగం జోకులకు వచ్చినవి కావని కూడా ఆయన గమనించాడు. వస్తానండీ, సరే చూద్దాం లాంటి మాటలకే మనుషులు ఎక్కువగా నవ్వుతారు. అంటే నవ్వు ముందుగా సహవాసానికి గుర్తు, హాస్యానికి గుర్తు ఆ తర్వాతే. రాబిన్ డన్బార్ బృందం 2012లో అచ్చేసిన పరిశోధనలో కలిసి నవ్విన తర్వాత మనుషులు నొప్పిని ఎక్కువసేపు ఓర్చుకోగలిగారు. ఆ ప్రయోగాలు కొన్ని వీడియోలతో ప్రయోగశాలలో జరిగాయి, కొన్ని ఎడిన్‌బరో ఫ్రింజ్ ఉత్సవంలో ఎదురుగా ప్రదర్శన చూసినవాళ్ల మీద జరిగాయి. ప్రదర్శనకు ముందూ తర్వాతా ప్రేక్షకులను గోడకు వీపు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్లు వంచి నిలబడమన్నారు. నవ్వొచ్చినవాళ్లు ఎక్కువసేపు నిలబడగలిగారు. తెరలోనైనా ఎదురుగానైనా శరీరానికి కావలసింది తోడు. డగ్లస్ పెట్టె ఒంటరి మనిషికి ఆ తోడునే నటించి చూపింది.

ఇక్కడ ఒక మంచి ఉదాహరణ చెప్పుకోవాలి. 1972లో మొదలైన ‘మాష్’ సిట్‌కామ్ కొరియా యుద్ధంలో ఒక సైనిక ఆస్పత్రి కథ. రికార్డు నవ్వులు పెట్టకూడదని దాన్ని తీసినవాళ్లు పట్టుబట్టారు, పెట్టాల్సిందేనని సీబీఎస్ పట్టుబట్టింది. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఆపరేషన్ గదిలో జరిగే సన్నివేశాలకు నవ్వు ఉండదు. గాయపడ్డ సైనికుడి మీద వంగి, నెత్తురు చేతులతోనే డాక్టర్లు జోకులు వేసుకుంటూ ఉంటారు, ఎవరూ నవ్వరు. బయటకు రాగానే మళ్లీ నవ్వులు. బ్రిటన్‌లో బీబీసీ మాత్రం ఆ నవ్వులు తీసేసే చూపించేది. ఎక్కడ నవ్వకూడదో గీత గీసుకోవడం హాస్యానికి శత్రువు కాదని, దానికి గౌరవమని ఈ ఒక్క నిర్ణయం చెబుతోంది.

గీత ఎంత బాగా గీసినా చూసేవాడి మనసు దాన్ని చెరిపేయగలదు. 1971లో మొదలైన ‘ఆల్ ఇన్ ది ఫ్యామిలీ’లో నార్మన్ లియర్ ఆర్చీ బంకర్ అనే జాత్యహంకారిని సృష్టించాడు. అతని మూర్ఖత్వాన్ని చూసి జనం నవ్వాలని, నవ్వి సిగ్గుపడాలని ఉద్దేశం. 1974లో విడ్మార్, రొకీచ్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రేక్షకులను అడిగి చూస్తే వేరే సంగతి బయటపడింది. జాతి ద్వేషం ఎక్కువున్నవాళ్లు ఆర్చీనే మెచ్చుకున్నారు, చివరికి గెలిచేది అతనే అనుకున్నారు. ఒకే జోకుకు ఇద్దరు నవ్వారు. ఒకరు ఆర్చీని చూసి, ఇంకొకరు ఆర్చీతో కలిసి. తాలపుటుడికి బుద్ధుడు చెప్పిన జవాబు ఇంతకంటే స్పష్టంగా రుజువు కాలేదేమో. లోపల ఏదుంటే నవ్వు దాన్నే పెంచుతుంది.

స్టాండప్ దారి దీనికి పూర్తిగా భిన్నం. ఒక మైకు, ఒక మనిషి, ఒక గంట. వరస కలుపుకోవడానికి వారాల వ్యవధి లేదు. హాల్లో కూర్చున్న పరాయివాళ్లతో చనువు అప్పటికప్పుడు సంపాదించుకోవాలి. తెలుగువాళ్లకు ఇది కొత్త అనుకుంటే పొరపాటు. హరికథలో దాసుగారు ఒంటరిగా నిలబడి, సీతాకల్యాణం మధ్యలో ఆపి, ఎదురుగా కూర్చున్న కరణంగారికో మునసబుగారికో తగిలేలా ఒక పిట్టకథ చెప్పేవారు. బుర్రకథలో పక్కనుండే ఇద్దరు వంతల్లో ఒకరి పనే హాస్యం. షేక్ నాజర్ బృందం పల్నాటి యుద్ధం చెబుతున్నప్పుడు జనం కంటనీరు పెట్టుకునేలోపు హాస్యపు వంత ఒక అమాయకపు ప్రశ్న వేసి కథకుణ్ణి ఆపేవాడు. ఆ ప్రశ్నలో ఊరి సంగతులన్నీ వచ్చేవి. అతను ముందుగా మూర్ఖుడి వేషం తానే వేసుకునేవాడు, అందుకే ఊళ్లో ఎవరి మీద జోకు వేసినా చెల్లేది.

గొప్ప స్టాండప్ కళాకారులు కూడా ముందు తమను తామే నవ్వులపాలు చేసుకుని ఈ బాకీ తీరుస్తారు. రిచర్డ్ ప్రయర్ 1980లో మత్తుమందుల మైకంలో ఒళ్లు కాల్చుకుని చావు అంచు దాకా వెళ్లాడు. 1982లో వచ్చిన ‘లైవ్ ఆన్ ది సన్‌సెట్ స్ట్రిప్’ ప్రదర్శనలో ఆ మంటల గురించే చెప్పి నవ్వించాడు. జనం తన గురించి వేసుకుంటున్న అగ్గిపుల్ల జోకును కూడా తానే చేసి చూపించాడు. నల్లజాతివాళ్లను తిట్టే ఒక మాటను అంతకుముందు తన ప్రదర్శనల్లో విరివిగా వాడేవాడు. 1979లో కెన్యా వెళ్లొచ్చాక ఆ మాట ఇక వాడనని, ఆ ప్రదర్శనలోనే కారణం చెప్పి మానేశాడు. నవ్వు వస్తున్న మాటను నవ్వు వస్తున్నా వదిలేయడం తపస్సు లాంటిది.

తనను తాను ఖర్చుపెట్టుకోవడానికి కూడా ఒక హద్దుందని చెప్పినవాళ్లు హన్నా గాడ్స్‌బీ. పెరిగింది ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో. స్వలింగ సంబంధం 1997 దాకా నేరంగా ఉన్న చోటు అది. 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘నానెట్’ ప్రదర్శన మొదట్లో, బస్‌స్టాప్ దగ్గర ఒకడు తన మీదికి గొడవకు వచ్చి, తాను ఆడమనిషినని తెలిసి వెనక్కి తగ్గిన సంఘటన చెబుతారు. హాలంతా నవ్వుతుంది. ప్రదర్శన చివరికి వచ్చేసరికి అదే సంఘటనను మళ్లీ ఎత్తుకుంటారు. అతను మళ్లీ వెనక్కి వచ్చాడని, కొట్టాడని చెబుతారు. ఈసారి ఎవరూ నవ్వరు. జోకు కోసం కథను సగంలో ఆపేయాల్సి వస్తుందని, ఆ ఆపేసిన సగంలోనే తన గాయం ఉండిపోయిందని గాడ్స్‌బీ వివరణ. నవ్వించడం అంటే హాల్లో ఒత్తిడి పెంచి, తర్వాత దించడమని, ఈసారి మాత్రం ఆ ఒత్తిడిని దించనని ప్రేక్షకులకే చెప్పేస్తారు. హాస్యం గురించి ఇంత నిక్కచ్చిగా సాగిన తత్వచర్చ విశ్వవిద్యాలయాల్లో కూడా అరుదు.

చనువు దొరకని చోట నిలబడిన స్టాండప్ కళాకారుడికి పోలీసు ఎదురవుతాడు. లెనీ బ్రూస్‌కు న్యూయార్క్ కోర్టు 1964లో అశ్లీలత కింద శిక్ష వేసింది. అప్పీలు మిగిలి ఉండగానే 1966లో చనిపోయాడు. 2003లో, చనిపోయిన 37 ఏళ్లకు, ఆ రాష్ట్ర గవర్నరు క్షమాభిక్ష ప్రకటించాడు. మన దేశంలో మునావర్ ఫారూఖీని 2021 జనవరి 1న ఇండోర్‌లో దేవతలను కించపరిచారన్న ఆరోపణతో అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు ఫిబ్రవరి 5న మధ్యంతర బెయిలు ఇచ్చేదాకా జైల్లోనే ఉన్నారు. 2022 ఆగస్టులో హైదరాబాద్ శిల్పకళావేదికలో ఆయన ప్రదర్శన భారీ పోలీసు బందోబస్తు మధ్య జరిగింది. ఇండోర్ కేసులో నిజానిజాలు కోర్టు తేల్చాల్సినవి. కానీ ఒక్క మాట గట్టిగా చెప్పుకోవాలి. శతకం రాసి దేవుణ్ణి నిలదీసిన కవులను కన్న నేల మీద, జోకుకు జవాబు జైలు కాకూడదు. నచ్చని పాటకు వియ్యపురాలు జవాబు పాటే కడుతుంది. అలాగే చనువు లేని వాళ్ల దేవుడి మీద, ఊరిమీద, కులంమీద మాట విసిరే కళాకారుడు తాను ముందు వాళ్ల మధ్య కూర్చున్నాడో లేదో తనను తాను అడిగి తీరాలి. చట్టం అడగకపోయినా ఆ ప్రశ్న అతని వృత్తిధర్మం.

మరి రెండింట్లో ఏది మేలు? రోజువారీ నవ్వుకు సిట్‌కామే మేలు. అది నవ్వులపాలైన మనిషిని వదిలి వెళ్లనివ్వదు. వచ్చేవారం మళ్లీ అతనితోనే కూర్చోవాలి కాబట్టి, ద్వేషం పెట్టుకుని ఎక్కువకాలం చూడలేం. ఆర్చీ బంకర్ ఉదాహరణ ఈ తీర్పును కొంచెం కదిలిస్తుంది, కూల్చదు. స్టాండప్ అంతకంటే ప్రమాదకరమైన కళ, కాబట్టి అంతకంటే అరుదైనది. బాగా కుదిరినప్పుడు సిట్‌కామ్ ఎన్నటికీ చెప్పలేని నిజం చెబుతుంది. కుదరనప్పుడు అందులో మిగిలేది పరాయివాణ్ణి చూసి నవ్వే గుంపు. తెలుగు టీవీ స్కిట్లలో ఆడవేషాల మీద, లావు మీద, నలుపు మీద తేరగా రాబట్టే నవ్వు ఈ రెండో కోవలోకే వస్తుంది. దాన్ని హాస్యమని సరిపెట్టుకోవడం మానాలి.

టీవీ, ఓటీటీ నడిపేవాళ్లకు ఒక విన్నపం. ఒక ఇల్లు, ఒక వీధి, నలుగురు మనుషులు ఉన్న అరగంట తెలుగు హాస్యాన్ని మళ్లీ వారం వారం తీయండి. రచయితలకు కనీసం రెండు మూడేళ్లు సమయమివ్వండి. మనుషులతో చనువు పది భాగాల్లో రాదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో, డల్లాస్‌లో తెలుగులో మైకు పట్టుకుంటున్న కుర్రవాళ్లు ఒక బుర్రకథనైనా మొదటి నుంచి చివరిదాకా వినండి, హాస్యపు వంత ఎక్కడ నోరు విప్పుతాడో, ఎవరిని ముందు వెక్కిరిస్తాడో గమనించండి. చూసేవాళ్లు చేయాల్సింది ఇంకా సులువు. ఈసారి ఏదైనా కామెడీ పెట్టేముందు, అందులో ఎవరి మీద జోకులుంటాయో ఆ మనిషిని కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకోగలమా అని ఒక్కసారి చూసుకోండి. కూర్చోబెట్టుకోలేమనిపిస్తే ఛానెల్ మార్చండి.